అడ్మిషన్ల సీజన్‌లో ఊళ్ళు తిరిగే ఉద్యోగం: ఈ ప్రయాణాలను ఎలా అదుపులో పెట్టుకోవాలి?

ప్రశ్న
బ్రాడీపేట_నివాసి (గుంటూరు)

గుంటూరుకు సమీపంలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాల ప్రవేశాల విభాగంలో పనిచేస్తున్నాను. నియామక పత్రంలో నా హోదా అడ్మిషన్ ఆఫీసర్. బయట మాత్రం అందరూ పీఆర్వో అనే పిలుస్తారు. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం పిల్లలున్న జూనియర్ కళాశాలలకు వెళ్ళి సెమినార్లు ఇవ్వడం, తల్లిదండ్రులను ఇళ్ళకు వెళ్ళి కలవడం, కన్సల్టెన్సీల వారితో మాట్లాడడం, ఎడ్యుకేషన్ ఫెయిర్‌లలో స్టాల్ దగ్గర నిలబడడం నా పనులు. పని మీద నాకు విసుగు లేదు. వినుకొండలోనో గిద్దలూరులోనో ఒక రైతు ఇంటి అరుగు మీద కూర్చుని, కన్వీనర్ కోటాకూ (ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లు) మేనేజ్‌మెంట్ కోటాకూ (యాజమాన్యం నింపుకునే సీట్లు) తేడా ఏమిటో, మేనేజ్‌మెంట్ సీటు తీసుకుంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎందుకు వర్తించదో విడమరచి చెప్పినప్పుడు, ఆ కుటుంబానికి నా వల్ల ఎంతో కొంత మేలు జరిగిందనే అనుకుంటాను.

ఇబ్బంది అంతా ప్రయాణాలతోనే. సంక్రాంతి సెలవులు అయిపోయింది మొదలు సెమినార్లు. ఇంటర్ పరీక్షల రోజుల్లో పరీక్షా కేంద్రాల బయట చెట్ల కింద కూర్చున్న తల్లిదండ్రులకు కరపత్రాలు పంచడం. ఏప్రిల్‌లో ఫలితాలు రాగానే ఫోన్లు, ఇళ్ళకు వెళ్ళడం. ఆపైన ఈఏపీసెట్ (ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష), ర్యాంకులు, వెబ్ ఆప్షన్లు (ఆన్‌లైన్‌లో కళాశాలల ఎంపిక), మిగిలిపోయిన సీట్ల వేట. మొదటి సంవత్సరం తరగతులు మొదలయ్యేదాకా ఇల్లు నాకు స్నానం చేసి బట్టలు మార్చుకునే చోటు మాత్రమే. పైగా రేపు ఏ ఊరు వెళ్ళాలో ముందు రోజు రాత్రి భోజనాల వేళ దాటాక వాట్సాప్ గ్రూపులో తెలుస్తుంది. ఒంగోలు వెళ్ళమన్నారని తెల్లవారుజామునే బయలుదేరితే, దారిలో ఫోను చేసి ముందు చిలకలూరిపేటలో ఆగమంటారు. అక్కడ పని తేలకుండానే నరసరావుపేటలో ఎవరో తల్లిదండ్రులు రేపు వేరే కళాశాలలో డబ్బు కట్టేస్తారట, వెంటనే వెళ్ళమంటారు. ఇదంతా చాలావరకు బైకు మీదే. రోహిణి కార్తె ఎండలో పల్నాడు రోడ్ల మీద తిరగడం ఎలా ఉంటుందో ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. వేళకు తిండి లేక కడుపులో మంట మొదలైంది, నడుము నొప్పి సరేసరి. ఇంట్లో పెళ్ళికైనా పేరంటానికైనా నేను వస్తానన్న నమ్మకం ఎవరికీ లేదు.

ఈ పనిలో ఏళ్ళ తరబడి ఉన్నవారు ప్రయాణాలను ఎలా కుదుర్చుకుంటున్నారు? యాజమాన్యాన్ని ఏమడగవచ్చు, ఏమడిగితే ఫలితం ఉంటుంది? ఉద్యోగం మానెయ్యమనే సలహా ఇంట్లో ఎలాగూ రోజూ దొరుకుతోంది కాబట్టి, దయచేసి మిగిలిన మార్గాలు చెప్పండి.

సమాధానం
కృష్ణలంక_పాతకాపు (విజయవాడ)

మీరు రాసినది చదువుతుంటే, మిమ్మల్ని అలసటకు గురిచేస్తున్నది దూరం కాదని, దారి తెన్నూ లేని తిరుగుడని నాకు అనిపించింది. రోజూ విజయవాడ నుంచి తెనాలి వెళ్ళి వచ్చే గుమాస్తాకు సంవత్సరం మొత్తం మీద తక్కువ దూరమేమీ ఉండదు, కానీ ఏ బండి ఎక్కాలో, ఎన్నింటికి ఇల్లు చేరతాడో అతనికి తెలుసు. మీకు ఆ రెండూ తెలియవు. కాబట్టి మీరు యాజమాన్యాన్ని అడగవలసిన మొదటి విషయం జీతం పెంపు కాదు, సెలవు కూడా కాదు. నికరంగా మీదంటూ ఒక ప్రాంతం. గుంటూరు నుంచి గుంతకల్లు వైపు వెళ్ళే రైలు మార్గాన్ని మీకు అప్పగించమనండి: నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం రోడ్డు, గిద్దలూరు, నంద్యాల. లేదా తీరం వెంబడి తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు తీసుకోండి. రెండూ ఒకే మనిషి మీద వేస్తే మీకు జరుగుతున్నదే జరుగుతుంది. నరసరావుపేట నుంచి చీరాలకూ, చీరాల నుంచి మార్కాపురానికీ పరుగులు పెట్టే మనిషి రోజులో సగం రోడ్డు మీదే గడుపుతాడు. కలిసిన తల్లిదండ్రులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు.

ప్రాంతం కుదిరాక, దూరంగా ఉన్న ఊరితో మొదలుపెట్టి ఇంటి వైపు పని చేసుకుంటూ రండి. నంద్యాలలో రాత్రి బస చేసి, మరుసటి రోజు గిద్దలూరు, ఆ తరువాత మార్కాపురం, చివరికి నరసరావుపేట. ప్రతి రాత్రీ గుంటూరు తిరిగివచ్చి తెల్లవారి మళ్ళీ అదే దారిన వెళ్ళడం వల్ల లాడ్జి ఖర్చు మిగులుతుందని లెక్కలు రాసేవారు సంబరపడతారు గానీ, ఆ మిగులు మొత్తం మీ నడుములోంచి వస్తున్నదే.

రైళ్ళ సంగతి కూడా చెబుతాను. మా విజయవాడ వాళ్ళకు పినాకిని, రత్నాచల్ రెండూ ఈ ఉద్యోగం కోసమే వేశారా అన్నట్టుంటాయి. పొద్దున్నే పినాకిని ఎక్కితే చీరాల, ఒంగోలు, నెల్లూరులలో ఎక్కడైనా దిగి పని చూసుకుని, చెన్నై నుంచి తిరిగివచ్చే అదే బండిలో రాత్రికి ఇల్లు చేరవచ్చు. రత్నాచల్ అటు ఏలూరు, తాడేపల్లిగూడెం, రాజమండ్రి, తుని మీదుగా విశాఖ వెళ్ళివస్తుంది. మీ గుంటూరు నుంచి విశాఖకు సింహాద్రి ఉంది. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే దొరుకుతుంది (2024 నవంబరుకు ముందు 120 రోజులుండేది), కనుక ఫలితాల తరువాతి రద్దీకి సీట్లు ముందే చేయించుకోవాలి. తేదీలు తెలియవంటారేమో. ఇంటర్ పరీక్షల కాలపట్టిక, ఈఏపీసెట్ తేదీలు నెలల ముందే ప్రకటిస్తారు. మన విభాగాధిపతులు మాత్రమే వాటిని రాత్రికి రాత్రి కనుగొన్నట్టు ప్రవర్తిస్తారు.

బైకును ఊరి లోపలి పనికి పరిమితం చేయండి. రోజంతా ఎండలో మాట్లాడి అలసిన మనిషి చీకటి పడ్డాక చిలకలూరిపేట నుంచి గుంటూరు దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్య బండి నడపడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. బస్సులో వెళ్ళి, అక్కడ ఆటో మాట్లాడుకోండి. ఆటో కిరాయి ఇవ్వలేమని కళాశాలవారు అంటే, బైకు మీద ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదో, మీ పేర వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఆ ప్రశ్న కాగితం మీదికి వచ్చిన తరువాత ఆటో కిరాయి మంజూరవడం నేను చూశాను. మే నెలలో పదకొండు గంటలకల్లా నీడ పట్టుకుని, సాయంత్రం నాలుగు దాటాకే మళ్ళీ బయటికి రండి. ఆ మధ్య వేళలో ఎవరి ఇంటికి వెళ్ళినా ఆ ఇంటివారు కూడా ఆదరించే స్థితిలో ఉండరు.

సమాధానం
జూనియర్_లెక్చరర్ (విజయవాడ)

నేను మీరు వచ్చే తలుపుకు లోపలివైపు ఉండేవాడిని. విజయవాడ చుట్టుపక్కల, ముఖ్యంగా గొల్లపూడి, ఎనికేపాడు, గూడవల్లి వైపున ఉన్న రెసిడెన్షియల్ క్యాంపస్‌లకు జనవరి, ఫిబ్రవరి నెలల్లో వచ్చే అడ్మిషన్ ఆఫీసర్ల సంఖ్య చూస్తే మీకే జాలి వేస్తుంది. మన కళాశాలలవారే కాక చెన్నై, బెంగళూరు విశ్వవిద్యాలయాల ప్రతినిధులూ అప్పుడే దిగుతారు. సరిగ్గా అదే సమయానికి మాకు ప్రాక్టికల్స్, జేఈఈ మెయిన్ మొదటి విడత, పబ్లిక్ పరీక్షల రివిజన్ ఉంటాయి. ప్రిన్సిపాల్ గారు ఒక్కొక్కరికి పది నిమిషాలిస్తే గొప్ప. ఆ పది నిమిషాల కోసం మీరు ఎంత దూరం నుంచి వచ్చారో పిల్లలకు తెలియదు, వారికి ఆ క్షణాన అవసరమూ లేదు.

దసరా సెలవులు ముగిశాక, సంక్రాంతికి ముందు రండి. అప్పుడు పిల్లలు వింటారు, ప్రశ్నలు అడుగుతారు, మేము ఒక పీరియడ్ మొత్తం ఇవ్వగలం. అలా ఒకసారి వచ్చి కంప్యూటర్ సైన్సుకూ ఎలక్ట్రానిక్స్‌కూ తేడా ఏమిటో, ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు ఏ వరుసలో పెట్టుకోవాలో నిజాయతీగా చెప్పి వెళ్ళినవారిని మేము గుర్తుపెట్టుకుంటాం. ఫలితాల తరువాత తల్లిదండ్రులు మమ్మల్నే అడుగుతారు కనుక, మీరు చేయవలసిన ప్రయాణాలలో కొన్నింటిని మా మాటే తప్పిస్తుంది. దసరా తరువాత చేసే ఒక ప్రయాణం వేసవిలో చేసే అనేక ప్రయాణాల బరువును తగ్గిస్తుందని నా అభిప్రాయం, మీ యాజమాన్యానికి అది నచ్చినా నచ్చకపోయినా.

మరొక మాట. మీలో కొందరు అటెండర్ల ద్వారా పిల్లల ఫోను నంబర్ల జాబితా కోసం ప్రయత్నిస్తారు. దాన్ని 'డేటా' అంటారు, దానికి ఒక ధర కూడా ఉందని విన్నాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివారు బాలలే. వారి సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ఇంటర్ పిల్లల్లో అత్యధికులు ఆ వయసువారే. పైగా ఆ జాబితా మీ ఒక్కరి చేతికే రాదు. అదే నంబరుకు ఎన్నో కళాశాలల నుంచి ఫోన్లు వెళ్ళాక, మీరు ఇంటికి వెళ్ళినా తలుపు తీసేవారు ఉండరు.

సమాధానం
మంగళగిరి_ప్రయాణికురాలు

అన్నయ్య గారూ, మీ కష్టాలకు మరికొన్ని కలిపితే ఇదే ఉద్యోగంలో ఉన్న ఆడవారి పరిస్థితి అవుతుంది. నేను మంగళగిరి నుంచి కృష్ణా, ఏలూరు జిల్లాలు చూస్తాను. మా విభాగంలో ఆడవారిని తీసుకోవడానికి కారణం, ఇంటికి వెళ్ళినప్పుడు తల్లులు మాతో తెరిచి మాట్లాడతారని. అది నిజమే. హాస్టల్‌లో వార్డెన్ ఎవరు, రాత్రి ఎన్నింటికి గేటు వేస్తారు, అమ్మాయికి జ్వరం వస్తే ఎవరు చూస్తారు అని తల్లి అడిగే ప్రశ్నలు తండ్రి అడగడు, సీటు ఖాయమయ్యేది మాత్రం ఆ సమాధానాల మీదే. అయితే ఆ తల్లిని కలవడానికి మేము ఎలా వెళ్ళివస్తామనేది ఎవరూ ఆలోచించరు. ఉదయం బయలుదేరే ముందు నీళ్ళు తాగాలంటే భయం. దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందో తెలియదు. వేసవిలో అలా నీళ్ళు తాగకుండా తిరిగి మూత్రనాళ ఇన్ఫెక్షన్ తెచ్చుకున్న సహోద్యోగులు నాకు తెలుసు. నేను ప్రతి ఊరిలో ఒక మంచి హోటలో, బట్టల దుకాణమో, తెలిసిన జూనియర్ కళాశాల స్టాఫ్ రూమో గుర్తుపెట్టుకుని, ఆ రోజు కలవవలసిన ఇళ్ళను వాటి చుట్టూ అమర్చుకుంటాను. నా రూట్ మ్యాప్ నిజానికి మరుగుదొడ్ల మ్యాప్ అని మా వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి.

రాత్రి బస విషయంలో నేను ఒకే నియమం పెట్టుకున్నాను: చీకటి పడ్డాక కొత్త లాడ్జి వెతకను. గది ముందే ఖాయమై, ఆ బిల్లు కళాశాల పేర ఉంటేనే ఆ ఊరు వెళతాను; లేకపోతే సాయంత్రం బస్సుకే తిరిగివస్తాను. మొదట్లో దీన్ని మొండితనమన్నారు. ఇప్పుడు మా విభాగంలో ఆడవారందరికీ అదే పద్ధతి.

ఖర్చుల గురించి ఒక చిన్న వింత కూడా చెప్పాలి. 2025 ఆగస్టు 15 నుంచి మహిళల ఉచిత బస్సు ప్రయాణానికి పెట్టిన స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మాకు టిక్కెట్టు లేదు. సంతోషమే. కానీ మా అకౌంట్స్ విభాగం వారు ప్రయాణ ఖర్చు సున్నా కనుక ఆ రోజు దినభత్యం కూడా సగమే చాలునని వాదించారు. భత్యం ఇచ్చేది భోజనానికి, బసకు, శ్రమకు. బస్సు ఛార్జీకి కాదు. ఈ రెండింటినీ వేర్వేరు పద్దులుగా రాయమని మీరు కూడా ఇప్పుడే అడగండి.

సమాధానం
ఏలూరురోడ్డు_ప్రవాసి (విజయవాడ)

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం ప్రవేశాల కార్యాలయంలో కొంతకాలం పనిచేసి తిరిగివచ్చినవాడిగా, అక్కడ ఇదే ఉద్యోగం ఎలా ఉంటుందో చెబుతాను. అక్కడ సుఖమని చెప్పడానికి కాదు. సెప్టెంబరు నుంచి నవంబరు మొదటి వారాల దాకా అక్కడి అడ్మిషన్ ప్రతినిధుల తిరుగుడు మీ ఏప్రిల్, మే నెలలకు ఏమాత్రం తీసిపోదు. అద్దె కారు తీసుకుని, ఒక్క రోజులో నాలుగైదు హైస్కూళ్ళు తిరిగి, సాయంత్రం ఏదో ఒక జిమ్నాజియంలో పెట్టిన కాలేజీ ఫెయిర్‌లో బల్ల వెనుక నిలబడి, రాత్రి హోటల్ గదిలో ఈమెయిళ్ళకు జవాబులు రాసుకోవడం మామూలే. కొత్తగా చేరిన కుర్రవాళ్ళలో చాలామంది రెండు మూడేళ్ళకే మానేస్తారు.

అయినా అక్కడ ఆ పనికి ఒక హద్దు ఉంది. చాలా విశ్వవిద్యాలయాలు ప్రతినిధికి ఒక ప్రాంతాన్ని కేటాయిస్తాయి, పైన పాతకాపు గారు చెప్పినట్టే. శరదృతువులో ఆ ప్రాంతమంతా తిరిగిన మనిషే చలికాలంలో కార్యాలయంలో కూర్చుని ఆ ప్రాంతపు దరఖాస్తులు చదువుతాడు. ఆ పాఠశాల ఎలాంటిదో, అక్కడ ఏ సబ్జెక్టులు బోధిస్తారో కళ్ళారా చూశాడు కనుక అతని అభిప్రాయానికి విలువ ఉంటుంది. అంటే ప్రయాణం ఉద్యోగంలో సగం. మిగతా సగం కుర్చీలో కూర్చుని చేసేది. మన దగ్గర తిరిగే మనిషికి ఆ రెండో సగమే లేదు. సీటు ర్యాంకు మీదో డబ్బు మీదో తేలుతుంది, అతని దగ్గర మిగిలేది ఇంతమందిని చేర్చాలనే టార్గెట్ ఒక్కటే. టార్గెట్‌కు హద్దు లేదు కాబట్టి ప్రయాణానికీ హద్దు ఉండదు.

టార్గెట్ విషయంలో అక్కడి చట్టం చాలా కఠినమైనది. ఫెడరల్ ప్రభుత్వ విద్యార్థి సహాయ నిధులు పొందే ఏ విద్యాసంస్థ అయినా, చేర్చిన విద్యార్థికి ఇంత అని సిబ్బందికి కమిషన్ గానీ బోనస్ గానీ ఇవ్వకూడదని 1992లో ఉన్నత విద్యా చట్టాన్ని సవరించారు. తలకింత లెక్కన డబ్బు వస్తుందంటే విద్యార్థికి పనికిరాని చోట కూడా అంటగడతారన్నది ఆ నిషేధం వెనుక ఉన్న అనుభవం. విచిత్రమేమిటంటే, విదేశాలలో ఉండే విదేశీ విద్యార్థులకు ఆ నిషేధం వర్తించదు. అందుకే బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఉన్న విదేశీ విద్యా కన్సల్టెన్సీలు అవే విశ్వవిద్యాలయాల నుంచి కమిషన్ తీసుకోగలుగుతున్నాయి. అక్కడి పిల్లలకు ఉన్న రక్షణ మన పిల్లలకు లేదన్నమాట.

అక్కడ కూడా పోటీ ముదురుతోందని ఒప్పుకోవాలి. వేరే కళాశాలలో చేరతానని మే 1 లోపు మాట ఇచ్చిన విద్యార్థిని మళ్ళీ కదిలించకూడదని అక్కడి ప్రవేశాల సలహాదారుల జాతీయ సంఘం నియమావళిలో ఒక నిబంధన ఉండేది. అది పోటీకి అడ్డమని న్యాయశాఖ అభ్యంతరం చెప్పడంతో 2019లో దాన్ని తొలగించారు. ఆ తరువాత వసంతంలో కూడా ఫోన్లు ఆగడం లేదని నాతో పనిచేసినవారు అంటుంటారు. నరసరావుపేటలో రేపు డబ్బు కట్టబోతున్న తల్లిదండ్రుల దగ్గరికి ఈ రాత్రే పరుగెత్తమని మిమ్మల్ని పంపే పద్ధతి అక్కడికీ చేరుతోందని అనుకోవచ్చు.

మీ యాజమాన్యం మీకు అమెరికా పద్ధతి తెచ్చిపెట్టదు. కానీ ప్రోత్సాహకాన్ని తలల లెక్క నుంచి తప్పించి, ప్రాంతం మొత్తం మీద జరిగిన పనికి జోడించమని అడగవచ్చు. అలాగే జూలై, ఆగస్టు నెలల్లో చేరిన పిల్లలకు కౌన్సెలింగ్, హాస్టల్, సర్టిఫికెట్ల పని చూసే బాధ్యత మీకే ఇమ్మనండి. మీరు తెచ్చిన పిల్లల సమస్యలు మీకే తెలిసివస్తే, మరుసటి ఏడాది ఆ ఊరిలో మీరు చెప్పే మాట వేరుగా ఉంటుంది, సగం పని కూర్చున్నచోటే జరుగుతుంది.

సమాధానం
బ్రాడీపేట_నివాసి (గుంటూరు)

అందరికీ ధన్యవాదాలు. నంద్యాల మార్గాన్ని నాకే అప్పగించమని, ప్రతి వారం కార్యక్రమాన్ని ముందు శనివారమే ఖరారు చేయమని ఒక లేఖ రాస్తున్నాను. దసరా తరువాతి సెమినార్ల మాట కూడా అందులో చేర్చాను. ప్రమాద బీమా ప్రశ్నను అదే లేఖలో పెట్టాలా, వేరుగా అడగాలా అన్నదే తేల్చుకోలేకపోతున్నాను. రెండూ కలిపితే బెదిరిస్తున్నానని అనుకుంటారేమోనని సందేహం. టార్గెట్ సంగతి ఇప్పట్లో ఎత్తను, ఎత్తినా అది మా విభాగాధిపతి చేతిలో కూడా లేదు.

సమాధానం
కృష్ణలంక_పాతకాపు (విజయవాడ)

వేరుగానే రాయండి, హెచ్ఆర్ విభాగానికి. విభాగాధిపతికి ఇచ్చే లేఖకు మాత్రం గత ఏడాది ఏ ఊరికి వెళ్ళారో, ఆ ఊరి నుంచి ఎంతమంది చేరారో చూపే ఒక పేజీ పట్టికను జతచేయండి. నిరుడు పరుగులు తీయించిన ఊళ్ళ నుంచి ఎవరూ చేరలేదని ఆ పట్టికే చెబుతుంది, మీరు నోరు విప్పనక్కరలేదు. ఇంకొకటి, లాడ్జికీ భోజనానికీ అడ్వాన్సు తీసుకున్నాకే బండి ఎక్కండి. సొంత డబ్బు పెట్టి తిరిగి, వోచర్లు పెట్టుకుని ఆగస్టు దాకా ఎదురుచూసే అలవాటు మన వాళ్ళందరికీ ఉంది. సీజన్ మధ్యలో అడిగితే అడ్వాన్సు రాదు, ఇప్పుడే అడగండి.